ట్రక్కుకి బ్రేకు ఉండదు

“కాసేపన్నా కాలు తియ్యవయ్యా, పిక్క పట్టేస్తది.”

“తీస్తే ఇది నిలబడుద్దా? మంచు పడతంది, నువ్వింటికి పో.”

మా ఆయనా నేనూ చివరిగా అనుకున్న మాటలు ఇవి. వంతెన ఎక్కే ఏటవాలు మీద, చెరుకు లోడుతో ఆగిన ట్రాక్టరు సీట్లో ఆయన, కింద గిన్నె పట్టుకుని నేను. ఆయన కుడికాలు బ్రేకు మీద ఉంది. ఆ కాలు తీసే వీలు లేక ఇడ్లీలు ఒళ్ళో పెట్టుకునే తిన్నాడు. ఖాళీ గిన్నె తీసుకుని నేను ఇంటికి నడిచాను. వెనక్కి తిరిగి చూశానో లేదో గుర్తులేదు. ఆ మంచులో చూసినా ఏం కనపడుతుంది.

నాకు చదువు రాదు. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతవరకే. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నా గొంతు బొంగురు. ఇంజను చప్పుడు మీద అరిచీ అరిచీ రాసుకుపోయింది. అందుకని అది మాటిమాటికీ “ఏంటత్తయ్యా?” అని అడుగుతోంది. అడగనీ. ఇది గబగబా చెప్పే సంగతి కూడా కాదు.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, నాకు కంటి ఆపరేషను ఉంది. అది అయ్యాక దుమ్ములోకి, గాలిలోకి వెళ్ళొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అంటే మా అబ్బాయి ట్రాక్టరు తీసుకుని వెళ్తే పక్కన నేను ఉండను. ఇన్నాళ్ళూ ఉన్నాను. మడ్‌గార్డు మీద గోనెపట్టా పరుచుకుని, కమ్మీ పట్టుకుని, వాడు ఎక్కడికి పోతే అక్కడికి పోయాను. ఇప్పుడు వాడొక్కడే పోతాడు.

మా వైపు ట్రాక్టరుని ఇంజను అంటాం. దాని వెనక తగిలించే పెట్టెని ట్రక్కు అంటాం. ఇంజనుకి బ్రేకు ఉంటుంది. ట్రక్కుకి ఉండదు. వెనక చెరుకే వేసినా, ఇటుకే వేసినా, ఆ బరువంతటినీ ఆపాల్సింది ముందున్న ఇంజనే. పల్లంలోకి దిగుతుంటే వెనకది ముందుదాన్ని తోస్తుంది. మెరక ఎక్కుతుంటే వెనక్కి లాగుతుంది. రోడ్డు మీద మా వెనకే ఆనుకుని వచ్చే కార్లవాళ్ళకి ఈ సంగతి తెలీదు. తెలిస్తే అంత దగ్గరికి రారు.

మాది ఉయ్యూరు పక్క పల్లె. మా నేల చాప పరిచినట్టు ఉంటుంది. కాలవలో నీళ్ళు కూడా ఎటు పోవాలో కాసేపు ఆలోచించుకుని పోతాయి. బండి ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది. పొలంలో ఇంజను ఆపేసి, తాళం జేబులో వేసుకుని అన్నానికి వస్తే, సాయంత్రం వెళ్ళి చూసినా వీసమెత్తు కదలదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ నేలనే తొక్కాం. బండి అంటే ఆగేదే అనుకున్నాం. ఏటవాలు అనేది మాకు రెండే చోట్ల, కాలవ గట్టు ఎక్కే దగ్గరా, వంతెన ఎక్కే దగ్గరా.

ఇంకొకటి. మా నేలలో రాయి ఉండదు. ఎంత తవ్వినా నల్లమట్టే. మామిడికాయ రాల్చాలన్నా మట్టిపెళ్ళే విసురుతాం. రాయి కావాలంటే బెజవాడ కొండల వైపు నుంచి లారీలో రావాల్సిందే. అందుకని బండి చక్రానికి ఏదన్నా అడ్డం పెట్టాలంటే మావాళ్ళ చేతికి ముందుగా దొరికేది ఇటుక ముక్క.

మా ఆయన ఎడ్లబండి మీద పెరిగినవాడు. మా మావగారికి ఊళ్ళోకెల్లా మంచి జత ఉండేది. ఎడ్లబండి బురదలో దిగబడితే చక్రానికి భుజం పెడతారు. గట్టు ఎక్కలేక వెనక్కి జారుతుంటే భుజం పెడతారు. ఎడ్లు కూడా మనిషి భుజం తగిలిందని తెలుసుకుని ఇంకాస్త బలం తీస్తాయి. ఆయనకి ఎడమ భుజం మీద అరచేతి మందాన కాయ కాసి ఉండేది. నా పెళ్ళికి ముందు మా నాన్న వచ్చి చూసింది పొలాన్ని కాదట, ఆ కాయనట. ఎడ్లు పోయి ట్రాక్టరు వచ్చింది. కాయ మాత్రం పోలేదు.

ఆ రోజు పొద్దున్న చెరుకు తోలకం. ఫ్యాక్టరీకి పోయే బళ్ళు వరసగా ఆగిపోయాయి. మంచుకి ముందెక్కడో ఏదో వ్యాను అడ్డం తిరిగిందన్నారు. మా బండే అన్నిటికంటే వెనక, వంతెన మెరక మీద. నేను గిన్నె తీసుకుని ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాను. కాసేపటికి గట్టు మీద కేకలు వినపడ్డాయి. ఎవరిదో గేదె కాలవలో పడిందనుకున్నాను. దేవుడి సాక్షి, గేదె అనే అనుకున్నాను.

జరిగింది తర్వాత ముందు బండి అతను చెప్పాడు. “ఇప్పట్లో కదిలేలా లేదు బాబాయ్, దిగి టీ తాగు” అని అతనే పిలిచాడట. మా ఆయన బండిని గేర్లో పెట్టి, పిట్టగోడ పక్కన పడున్న ఇటుక ముక్క తెచ్చి ట్రక్కు చక్రం కింద పెట్టి, చక్రాన్ని కాలితో తన్ని చూసి మరీ వెళ్ళాడట. ఇటుక మట్టిదేగా. చెరుకు బరువుకి మెల్లిగా నలిగి పొడైంది. ట్రక్కు వెనక్కి జారడం మొదలుపెట్టింది, ఇంజనుని కూడా లాక్కుంటూ. ఆయన టీ గ్లాసు పారేసి పరిగెత్తాడు. తప్పుకోవడానికి కాదు. ట్రక్కు వెనక్కి వెళ్ళి భుజం పెట్టాడు.

ఎడ్లు లేవు. ఆ బండిని లాగేది ముందేం లేదు. అయినా భుజం పెట్టాడు.

ఆ తర్వాతది నేను చెప్పను. ఇంజను కాలవలో పడింది, ట్రక్కు గట్టు మీద పడుకుంది. ఇంతవరకు రాస్తే చాలు.

పెద్దకర్మ రోజున బంధువులంతా వచ్చారు. అరుగు మీద మా అబ్బాయి గుండుతో కూర్చున్నాడు. అప్పటికింకా చదువుకుంటున్నాడు, మీసాలు సరిగ్గా రాలేదు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వాడి వీపు మీద చెయ్యేసి ఒకటే మాట. “మీ నాన్న మగాడ్రా. ప్రాణం పోయినా బండిని వదల్లేదు.” మా పెద్ద ఆడపడుచు మొగుడైతే ఆ మాట అని కళ్ళు తుడుచుకున్నాడు కూడా. మంచి ఉద్దేశంతోనే అన్నారు, కాదనను. కానీ వాడి ముఖం చూశాను. ఏడుపు ఆగిపోయి, మెడ నిటారుగా లేచింది. మొగుడు పోయినప్పుడు వచ్చింది దుఃఖం. భయం మాత్రం ఆ మాటతో వచ్చింది, ఇంతవరకు పోలేదు.

ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు కూడా, “వదిలేసి ఉంటే బతికేవాడురా” అనలేదు.

ట్రాక్టరుని కాలవలోంచి తీసి బాగుచేయించారు. అమ్మేద్దామన్నాను.

“అమ్మి నేనేం చెయ్యాలమ్మా?” అన్నాడు.

“ఏదో ఒకటి చెయ్యి. బెజవాడలో షాపులో ఉండు.”

“షాపులో ఉంటే ఎవడో ఒకడు గంటగంటకీ తిడతాడు. ఇదైతే నువ్వొక్కదానివే తిడతావు.”

అలా నవ్వించి తాళం తీసుకున్నాడు. సరే, పోతే నేనూ వస్తానన్నాను. మొదటి రోజు తమాషా అనుకున్నాడు. రెండో రోజు నేను గోనెపట్టా చంకన పెట్టుకుని ముందే ఎక్కి కూర్చునేసరికి తమాషా కాదని అర్థమైంది.

ముందుగా చేయించింది చెక్కలు. మా ఊరి వడ్రంగి దగ్గరికి వెళ్ళి నల్లతుమ్మ మొద్దు చూపించి, ఒక పక్క పల్చగా ఇంకో పక్క లావుగా, పట్టుకోవడానికి తాడు కట్టి ఇమ్మన్నాను.

“ఇవేంటి పిన్నీ, మంచం కోళ్ళా?” అన్నాడు.

“ట్రక్కుకి చెప్పుల్రా.”

“కుడిదేది, ఎడమదేది?”

“వాగకుండా చెయ్యి. నలిగేది చేశావంటే నీ ఇంటికొచ్చి కూర్చుంటా.”

మంచివాడు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అప్పటి నుంచీ మా పద్ధతి ఇది. బండి ఆగాలి, వాడి కాలు బ్రేకు మీదే ఉండాలి. నేను దిగాలి. చెక్కలు పెట్టాలి. ట్రక్కు మీద చేత్తో కొట్టి “ఆఁ” అనాలి. అప్పుడు వాడు మెల్లిగా బ్రేకు వదిలి, బరువంతా చెక్కల మీదకి వచ్చాక దిగాలి. సమంగా ఉన్న నేల అయినా సరే. “ఇక్కడెందుకే అమ్మా, గోళీ వేసినా దొర్లదు” అంటాడు. అలవాటు కావాలిరా అంటాను. అలవాటే మనిషిని చంపుతుంది, అలవాటే కాస్తుంది.

ఎక్కిన కొత్తలో నాకు ప్రతిదీ భయమే. మలుపు తిరిగేటప్పుడు ఇంజను తిరిగినంత వెడల్పుగా ట్రక్కు తిరగదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. మలుపు మూల సైకిలు దిగి నిలబడ్డ మనిషి, ఇంజను దాటింది కదా ఇంకేముందని అడుగు ముందుకేస్తాడు. అప్పుడు చక్రం వాడి మీదకి వస్తుంది. నేను మెడ వెనక్కి తిప్పుకుని “ఆగయ్యా, ఇంకా వెనకాల ఉంది” అని అరిచేదాన్ని. రోడ్డు పక్కకి తీసి ఆపాలంటే మట్టి చూసుకోవాలి. కాలవ వైపు మట్టి పైకి గట్టిగా కనపడుతుంది. లోపల నీళ్ళు తాగి మెత్తగా ఉంటుంది. నేను ముందు దిగి మడమతో తొక్కి చూస్తే గానీ వాడిని ఆ పక్కకి రానిచ్చేదాన్ని కాదు. దోవలో టైరు పోయి ఆగితే వెనక కొమ్మలు నరికి పెడతారు కదా, వచ్చే బళ్ళకి తెలియాలని. మేం మళ్ళీ బయల్దేరేటప్పుడు ఆ కొమ్మలన్నీ ఏరి పక్కన పడేశాకే ఎక్కనిచ్చేదాన్ని. మనం పోతాం, అడ్డం మాత్రం అక్కడే ఉంటుంది, వెనకవాడు దాని మీదకి వస్తాడు.

రైసు మిల్లు దగ్గర డ్రైవర్లు ఆడుకునేవాళ్ళు మావాడితో.

“ఏరా, లైసెన్సు నీకా, మీ అమ్మకా?”

“మా అమ్మకే. నేను క్లీనర్ని” అనేవాడు.

“వీణ్ణి పెళ్ళికి కూడా మడ్‌గార్డు మీదే తీసుకెళ్తావా అత్తా?”

“పిల్ల వాళ్ళు ఒప్పుకుంటే తీసుకెళ్తా” అనేదాన్ని నేను.

పైకి నవ్వేవాడు గానీ, వాడికి చిన్నతనంగానే ఉండేది. ఆ సంగతి నాకు తెలుసు. చిన్నతనమే కదా, ప్రాణం కాదు కదా అని ఊరుకున్నాను.

బెజవాడ అంటే నాకు హడలు. బెంజ్ సర్కిల్ వెనక సందులో ఒక షాపుకి బియ్యం బస్తాలు వేసేవాళ్ళం. ట్రాఫిక్ మొదలయ్యేలోపు, అప్పుడప్పుడే తెల్లారుతుంటే చేరుకోవాలి. ఫ్లైఓవరు కింద నుంచి పోయి, పక్క రోడ్డు పట్టుకుని, సందులోకి రివర్సులో పెట్టాలి. రివర్సు ఎంత కష్టమో చూసేవాళ్ళకి తెలీదు. ట్రక్కు కుడికి పోవాలంటే స్టీరింగు ఎడమకి తిప్పాలి. ఎక్కువ తిప్పితే ఇంజనూ ట్రక్కూ మోచెయ్యిలా మడుచుకుపోతాయి. మళ్ళీ ముందుకి తీసి మొదటి నుంచీ చెయ్యాలి. వెనక ఎవరున్నారో డ్రైవరుకి కనపడదు. బస్తాలే కనపడతాయి.

నేను దిగి సందు మొదట్లో నిలబడేదాన్ని. నేనున్న వైపు అద్దంలో వాడికి నా కొంగు కనపడాలి, అది మా ఒప్పందం. నేను కనపడకపోతే ఆపెయ్యాలి. ఒకరోజు వాడు వెనక్కి వస్తున్నాడు, నేను “రానీ, రానీ” అంటున్నాను. పాల ప్యాకెట్లు పట్టుకుని ఒకావిడ, చెవి దగ్గర ఫోను, నా పక్క నుంచే ట్రక్కుకీ గోడకీ మధ్యలోకి నడిచింది. సందు వెడల్పుగానే ఉందిలే అనుకుని ఉంటుంది. ట్రక్కు వెనక మూల గోడ వైపుకి జరుగుతోంది. నేను అరిచాను. గొంతు రాలేదు. గాలి వచ్చింది, మాట రాలేదు. ఇంక ఏం తోచక అద్దంలో కనపడకుండా పక్కకి దూకేశాను. వాడు ఠక్కున ఆపాడు.

ఆవిడ ఫోను తియ్యకుండానే నా వంక చూసి, “కాస్త చూసి పెట్టుకోండమ్మా బళ్ళు, మనుషులు నడవద్దా?” అంది.

“నడవండమ్మా, మీ కోసమే ఆపాం” అన్నాను.

ఆవిడ వెళ్ళాక ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాను. మావాడు నీళ్ళ సీసా తెచ్చిచ్చాడు. “ఆపాను కదే” అన్నాడు. ఆపాడు. మంచిగా ఆపాడు. బ్రేకుతో ఆపాడు. ఆ రోజు వాడి మీద నాకు కాస్త ధైర్యం వచ్చిందని ఒప్పుకోవాలి. ఇంజను సీట్లో కూర్చున్నంతసేపూ వాడంత జాగ్రత్త మనిషి లేడు. నా భయం వాడు సీట్లోంచి దిగాక.

ఇప్పుడు చెప్పేది మా కోడలికి కూడా తెలీదు. వాడు చెప్పొద్దన్నాడు. రాయమ్మాయ్, చెయ్యి ఆపకు.

పోయిన ఎండాకాలం కూచిపూడి అవతల ఎవరో ఇల్లు కట్టుకుంటుంటే ఇటుక తోలాం. దారిలో మురుక్కాలవ మీద వంతెన ఉంది, ఎక్కేచోట బాగా మెరక. సగం ఎక్కాక ఇంజను గుక్క పట్టినట్టు దగ్గి ఆగిపోయింది. డీజిలు పైపులోకి గాలి వచ్చిందట. వాడి కాలు బ్రేకు మీద ఉంది. నేను దిగాను, చెక్క పెట్టాను, రెండోదీ పెట్టాను. ట్రక్కు మీద కొట్టి “ఆఁ” అన్నాను. వాడు బ్రేకు వదిలాడు. బరువు చెక్కల మీదకి వచ్చింది, ఆగింది. దిగి వచ్చి బానెట్టు ఎత్తాడు. అన్నీ పద్ధతి ప్రకారమే చేశాం.

ఆ రోడ్డు మీద ఎవరో ఇసుక దింపి ఎత్తుకుపోయారు. పల్చగా మిగిలిన ఇసుక పొర మీద నా చెక్కలు ఉన్నాయి. తుమ్మచెక్క నలగలేదు. నలగలేదు గానీ, జారింది.

చప్పుడు లేదు. అదే భయం. కూలిపోయేది ఏదైనా ముందు చప్పుడు చేస్తుందనుకుంటాం. నా ముందు ఉన్న చక్రం, నేను చూస్తూ ఉండగానే, మెల్లిగా, నిద్రలో మనిషి పక్కకి ఒత్తిగిల్లినట్టు కదిలింది. నేను “రేయ్” అన్నాను. వాడు తలెత్తాడు. రెంచి కింద పడేశాడు. నా పక్క నుంచి పరిగెత్తుకుంటూ పోయాడు, వాడి చొక్కా నా చేతికి తగిలింది కూడా. ట్రక్కు వెనక్కి పోయి భుజం పెట్టాడు.

ఎడమ భుజం. వాళ్ళ నాన్న పెట్టిన భుజమే. వీడు పుట్టేసరికి మా ఇంట్లో ఎడ్లు లేవు. ఎడ్లబండి తోలింది లేదు. భుజం మీద కాయ లేదు. ఎవరూ నేర్పలేదు. అయినా అదే కాలు వెనక్కి పెట్టి, అదే తల పక్కకి వంచి, అదే భుజం.

“వదిలెయ్, వదిలెయ్ నాన్నా, పోనీ” అంటున్నాను. నా గొంతు నాకే వినపడటంలేదు. వెళ్ళి వాడి చొక్కా పట్టుకుని లాగాను. వాడు చెట్టులాగా కదల్లేదు. ఇటుకలు పైనుంచి ఒక్కొక్కటే జారి మా పక్కన పడుతున్నాయి. వాడి చెప్పులు రోడ్డు మీద వెనక్కి ఈడ్చుకుపోతున్నాయి. అప్పుడు ట్రక్కు కొంచెం వంకర తిరిగింది, ఒక పక్క చక్రం రోడ్డు దిగి మార్జిన్లో మెత్తటి మట్టిలోకి దిగబడింది. వాలింది. ఆగింది.

మురుక్కాలవలో కప్పలు అరుస్తున్నాయి. వాడు వెనక్కి తిరిగి, రొప్పుతూ, నవ్వాడు.

“చూశావా, ఆపాను” అన్నాడు.

ట్రక్కు జారినప్పుడు పడ్డ భయం ఒక ఎత్తు, వాడి ముఖంలో ఆ నవ్వు చూసి పడ్డ భయం ఒక ఎత్తు.

“నువ్వు ఆపలేదురా. మట్టి ఆపింది. చూడు, చక్రం ఎక్కడుందో చూడు.”

“నేను పట్టుకున్నాను కాబట్టే కదమ్మా అటు తిరిగింది.”

“ఇటుకలతో ఉన్న ట్రక్కుని నువ్వు తిప్పావా?”

“మరి లేకపోతే కాలవలో ఉండేది.”

“ఉండనీ. తీసుకునేవాళ్ళం. మీ నాన్న బండినీ తీశారుగా. బండిని తీశారు.”

వాడు వంగి చెప్పులు వెతుక్కున్నాడు. ఒకదాని పట్టీ తెగిపోయింది. ఇటుకలు ఏరుకుంటూ, నా వంక చూడకుండా, “ఇంట్లో చెప్పకే. దానికి అసలే భయం” అన్నాడు. నేను చెప్పలేదు. కానీ అప్పట్నుంచీ ఏ వంతెన ఎక్కినా నేను రోడ్డు చూడను. వాడి భుజం చూస్తాను.

మా కోడలు కలం పెట్టేసింది. “ఇన్నాళ్ళూ నాతో ఒక్క మాట అనలేదేంటత్తయ్యా? బైకు మీద నుంచి పడ్డానని చెప్పాడు, భుజం గీరుకుపోతే నేనే కదా వెన్న రాశాను” అంటోంది. ముందు రాయి. మొగుడితో పోట్లాట తర్వాత పెట్టుకుందువు. ఆ మాట కూడా రాయి.

నా బదులు మా కోడల్ని మడ్‌గార్డు ఎక్కమనను. చంకలో పిల్లది ఉంది. చెక్కలు వాడే పెట్టుకోగలడు, ఇప్పుడు కింద ఇసుక ఉంటే కాలితో ఊడ్చి మరీ పెడుతున్నాడు, అదీ చూశాను. మెరక మీద ఆపకుండా ఉండటం నేర్చుకున్నాడు. ఆపాల్సి వస్తే చక్రాన్ని గట్టు అంచు వైపు కాకుండా వంతెన పిట్టగోడ వైపు తిప్పి ఆపుతున్నాడు. జాగ్రత్తలన్నీ వచ్చాయి. ఒకటే రాలేదు. బండి కదిలితే వదిలెయ్యడం రాలేదు. అది చేతులకి నేర్పేది కాదు, ఎలా నేర్పాలో నాకు తెలియలేదు. ఎదురుగా కూర్చోబెట్టి చెబితే “సర్లేమ్మా” అంటాడు. ఆ ‘సర్లే’లో విన్నట్టు ఉండదు.

పోయేది బండి అయితే పోనియ్యాలి. కాలవలోకి పోనీ, పక్కింటి గోడ మీదకి పోనీ, కొత్త ట్రక్కయినా పోనీ. అది పోయే దారిలో మనుషులుంటే కేకెయ్యాలి, తప్పుకోమని అరవాలి. అంతేగానీ దాని వెనక్కి పోకూడదు. చెయ్యి పెట్టకూడదు. ఊరంతా వచ్చి “వీడు బండిని వదిలేసి పారిపోయాడు” అని నవ్వనీ. నవ్వే వాళ్ళకి నేను టీ పెట్టి ఇస్తాను. ఆ నవ్వు వినడానికి వాడు అరుగు మీద కూర్చుని ఉంటే నాకు చాలు. పెద్దకర్మలో మెచ్చుకోలు నేను ఒకసారి విన్నాను. ఇంకోసారి వినలేను. అంత గట్టి మనిషిని కాను.

ఇంజను చప్పుడు వినపడుతోంది కదూ. వచ్చాడు. ముందు పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటాడు, తర్వాత ఈ గుమ్మంలో కూర్చుని ఫోను చూసుకుంటాడు. లెయ్యకు, అన్నం కాసేపాగి పెట్టొచ్చు. పిల్లదాన్ని నా ఒళ్ళో వెయ్యి. తలుపు బార్లా తీసిపెట్టి, మొదటి నుంచీ మొత్తం నాకు చదివి వినిపించు. ఒక్క మాట కూడా వదలకు. వాడు “ఏంటది?” అంటే, మీ అమ్మ వినాలంటోంది అని చెప్పు. నాకు చెవులు సరిగ్గా వినపడవని చెప్పు. పెద్దగా చదువమ్మా.